సెలవు అక్కడ.. ఓటరు ఇక్కడ!

ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిందంటే చాలు, రియాధ్‌లోని బత్హా అయినా, జిద్దాలోని షరఫియా అయినా, దమ్మాంలోని సీకో అయినా మన వాళ్ళు టీ తాగే చోటల్లా ఒకటే ముచ్చట. ఎవరికి టికెట్ వచ్చింది, ఎవరు అలిగారు, ఏ మండలంలో ఎవరికి గాలి ఉంది.. లెక్కలన్నీ వేళ్ళ మీద ఉంటాయి. ఊళ్ళో ఉన్నవాడికి తెలియని సంగతులు కూడా ఎడారిలో ఉన్నవాడికి తెలుస్తాయి. తీరా పోలింగ్ రోజు వచ్చేసరికి మాత్రం ఈ లెక్కలు వేసిన వాళ్ళలో ఒక్కడి వేలికీ సిరా చుక్క ఉండదు. అక్కడ పోలింగ్ మొదలయ్యే ఉదయం ఏడు గంటలకు ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. క్యాంపుల్లో టిఫిన్ డబ్బాలు సర్దుకుని కంపెనీ బస్సు కోసం బయటకు వచ్చే వేళ.

2023 నవంబర్ 30న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగింది. అది గురువారం. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, రెండు రాష్ట్రాల్లోనూ లోక్‌సభకు పోలింగ్ జరిగింది. అది సోమవారం. సౌదీలో రెండూ పని దినాలే. అదే రోజుల్లో మన ఊళ్ళలో ఫ్యాక్టరీలు, దుకాణాలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూతపడ్డాయి. ఓటు వేసుకోవడానికి ఉద్యోగులకు, కూలీలకు జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. అది యజమానులు దయతలచి ఇచ్చిన సెలవేమీ కాదు. చట్టం ఇమ్మంటే ఇచ్చిన సెలవు.

ప్రజాప్రాతినిధ్య చట్టానికి 1996లో చేసిన సవరణతో 135-బి అనే సెక్షన్ వచ్చి చేరింది. వ్యాపారం కానీ, పరిశ్రమ కానీ, మరే సంస్థ కానీ.. అందులో పని చేసే ప్రతి వ్యక్తికీ, అతడికి లోక్‌సభ లేదా శాసనసభ ఎన్నికలో ఓటు హక్కు ఉంటే, పోలింగ్ రోజున సెలవు ఇవ్వాలి. ఆ రోజు జీతం కోయడానికి వీల్లేదు. దినకూలీకి సైతం ఆ రోజు కూలి ముట్టజెప్పాలి. ఇవ్వని యజమానికి 500 రూపాయల దాకా జరిమానా. ఈ కాలంలో 500 రూపాయలు పెద్ద శిక్ష కాదు, నిజమే. అయినా ఓటు వేయడానికి కార్మికుడికి సమయం కావాలనీ, ఆ సమయానికి అయ్యే ఖర్చు యజమాని భరించాలనీ దేశం ఒప్పుకున్నదనడానికి ఆ సెక్షనే సాక్ష్యం.

ఇంకో మాట. ఓటు ఒక చోట, ఉద్యోగం ఇంకో చోట ఉన్నవాడికి కూడా ఈ సెలవు వర్తిస్తుందని ఎన్నికల సంఘం ప్రతి ఎన్నికకూ చెబుతూనే ఉంటుంది. అంటే సిరిసిల్ల నుంచి భివండి వెళ్ళి మరమగ్గం నడిపే నేతన్న, ఊళ్ళో ఓటుంటే సేటును సెలవు అడగొచ్చు. రాత్రి బస్సెక్కి వచ్చి ఓటేసి పోవచ్చు. అదే సిరిసిల్ల నుంచి దమ్మాం వెళ్ళి ఇనుప కడ్డీలు కట్టే తమ్ముడికి మాత్రం ఆ చట్టం శంషాబాద్ ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. అన్నదీ తమ్ముడిదీ ఒకే ఇల్లు, ఒకే పోలింగ్ బూత్. పొట్ట చేత పట్టుకుని పోయిన దిక్కే వేరు.

సౌదీ కార్మిక చట్టంలో ఏముంది?

ఇక్కడి చట్టం సెలవుల విషయంలో మరీ పిసినారిది ఏమీ కాదు. ఏడాదికి 21 రోజులు, ఒకే యజమాని దగ్గర అయిదేళ్ళు నిండితే 30 రోజులు జీతంతో కూడిన వార్షిక సెలవు ఉంది. పెళ్ళికి సెలవుంది. భార్యో, కన్నవాళ్ళో, పిల్లలో చనిపోతే సెలవుంది. బిడ్డ పుడితే సెలవుంది. చదువుకునే వాడికి పరీక్షల సెలవుంది. రెండేళ్ళ సర్వీసు నిండిన ముస్లిం ఉద్యోగికి హజ్ యాత్రకు సెలవుంది. ఈ జాబితాలో ఓటు లేదు. ఉండాలని అనుకోవడం కూడా న్యాయం కాదు. ఈ దేశంలో 2005, 2011, 2015 సంవత్సరాల్లో మున్సిపల్ కౌన్సిళ్ళకు ఎన్నికలు జరిగాయి. 2015లో మొదటిసారి మహిళలు ఓటు వేశారు. ఎన్నికలు ఇక్కడి జీవితంలో అంత అరుదైన సంగతి. మన శాసనసభ ఎన్నికకు సెలవివ్వమని వేరే దేశపు కార్మిక చట్టాన్ని శాసించే హక్కు మనకెక్కడిది?

కాబట్టి తప్పు సౌదీ యజమానిది అనేసి చేతులు దులుపుకుంటే పొరపాటే. ఒకవేళ కఫీల్ మంచివాడై పోలింగ్ రోజున సెలవిచ్చాడే అనుకుందాం. ఏం లాభం? బూత్ ఉన్నది జగిత్యాలలోనో, రాజంపేటలోనో, రాజోలులోనో కదా! ఒక్క రోజు సెలవుతో రూములో పడుకోవచ్చు, టీవీలో పోలింగ్ శాతం చూడొచ్చు. ఓటు మాత్రం వేయలేం.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2018 డిసెంబర్ 7న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగింది. ఆ రోజు శుక్రవారం. సౌదీ అంతటా వారపు సెలవు. మన వాళ్ళలో చాలామంది బట్టలు ఉతుక్కుంటూ, వంట చేసుకుంటూ, ఇంటికి ఫోన్లు చేసుకుంటూ రూముల్లోనే ఉన్నారు. అడగకుండానే సెలవు దొరికింది. ఓటు దొరకలేదు. ఆ ఎన్నికలో జగిత్యాల జిల్లా ధర్మపురి స్థానంలో గెలుపోటముల మధ్య తేడా కేవలం 441 ఓట్లు. ఆ ఫలితం మీద వివాదం కోర్టుకెక్కి ఏళ్ళ తరబడి సాగింది. గల్ఫ్ వలసలకు పేరుపడ్డ ఆ ప్రాంతం నుంచి 441 మంది కంటే ఎక్కువ మంది బయట ఉన్నారని చెప్పడానికి సర్వేలేమీ అక్కర్లేదు. రెండు మూడు ఊళ్ళు తిరిగితే చాలు. 2024లో రాయచోటిలో తేడా రెండున్నర వేల లోపే. అక్కడా గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి కనపడదు. వాళ్ళు వచ్చి ఓటేసి ఉంటే ఫలితం ఇటు తిరిగేదా, అటు తిరిగేదా అన్నది కాదు ప్రశ్న. వాళ్ళను లెక్కలోకి తీసుకోకుండానే ఫలితం వచ్చేసిందన్నదే బాధ.

ఒక ఓటుకు ఎంత ఖర్చు?

ఒక మామూలు కార్మికుడు సౌదీ నుంచి వెళ్ళి ఓటేయాలంటే ఏమేం కావాలో చూద్దాం. ముందు కంపెనీ సెలవు ఇవ్వాలి. వార్షిక సెలవు కార్మికుడి హక్కే అయినా, ఎప్పుడు పోవాలో పని అవసరాన్ని బట్టి నిర్ణయించే వీలు చట్టమే యజమానికి ఇచ్చింది. చాలా కంపెనీల్లో రెండేళ్ళకోసారి చుట్టీ ఇచ్చే ఆనవాయితీ. ఎవరు ఏ నెలలో పోవాలో జాబితా ముందే తయారవుతుంది. మన ఎన్నికల తేదీలు మాత్రం అంత ముందు తెలియవు. 2023లో తెలంగాణ ఎన్నికల షెడ్యూల్ అక్టోబర్ 9న ప్రకటించారు, పోలింగ్ నవంబర్ 30న. 2024లో మార్చి 16న ప్రకటించారు, పోలింగ్ మే 13న. రెండు నెలలు కూడా లేవు. ఏడాది ముందు వేసుకున్న చుట్టీ జాబితాను రెండు నెలల్లో మార్చమంటే ఏ ముదీర్ ఒప్పుకుంటాడు?

సెలవు దొరికిందనుకుంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన సంస్కరణల వల్ల కంపెనీ కార్మికులు యజమాని అనుమతి లేకుండానే అబ్షర్ ద్వారా ఆ వీసా తీసుకునే వీలు కలిగింది. అది మంచి మార్పే. కానీ ఇంటి పనివాళ్ళు, హౌస్ డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు, వ్యవసాయ కూలీలు ఆ సంస్కరణల్లోకి రాలేదు. మన జిల్లాల నుంచి వచ్చినవాళ్ళలో ఇలాంటి పనులు చేసేవాళ్ళు తక్కువేమీ కాదు. ఇక ఆజాద్ వీసా మీద వచ్చి బయట పని చేసుకునేవాడు, ఖల్లివెల్లి అయినవాడు, హురూబ్ పడినవాడు అయితే విమానాశ్రయం వైపు కూడా చూడలేడు.

తర్వాత టికెట్. నెలకు వెయ్యి, పన్నెండు వందల రియాళ్ళ జీతగాడికి రానూ పోనూ టికెట్ అంటే నెల జీతం పోయినట్టే. పని చేయని రోజుల ఓవర్‌టైమ్ పోతుంది. చుట్టీ మీద ఇంటికి పోతే ఉత్త చేతులతో పోలేడు. ఇంతా చేసి ఒక్క ఓటు! అమెరికా నుంచి 2024 మేలో మన వాళ్ళు టికెట్లు కొనుక్కుని వచ్చి ఓటేసి పోయారని పత్రికల్లో ఘనంగా చదివాం. వాళ్ళ ఉత్సాహం మెచ్చుకోదగిందే. కానీ జేబులో డబ్బు, చేతిలో సెలవు ఉన్నవాడే ఓటేయగలిగితే అది హక్కు ఎలా అవుతుంది? ఓటుకు ఆస్తి అర్హత తీసేసి డెబ్బై ఏళ్ళు దాటింది. ప్రవాస కార్మికుడికి మాత్రం విమాన టికెట్ రూపంలో అది మిగిలే ఉంది.

కాగితం మీద ఓటు

అసలు ప్రవాసులకు ఓటు లేదా అంటే ఉంది. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ ఏడాదే ప్రవాసులకు ఓటు కల్పించే బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చింది. చివరకు 2010లో చట్టం సవరించి 20-ఎ సెక్షన్ చేర్చారు. 2011 నుంచి అమల్లోకి వచ్చింది. భారత పాస్‌పోర్టు ఉండి, వేరే దేశ పౌరసత్వం తీసుకోకుండా, ఉద్యోగం కోసమో చదువు కోసమో బయట ఉంటున్నవాళ్ళు ఫారం 6-ఎ నింపి, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ప్రకారం ఓటరుగా నమోదు కావచ్చు. ఇక్కడిదాకా బాగానే ఉంది. మెలిక తర్వాత ఉంది. పోలింగ్ రోజున ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని ఆ బూత్‌కు స్వయంగా రావాలి.

ఆ మెలిక ఎంత పని చేసిందో ఎన్నికల సంఘం అంకెలే చెబుతాయి. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లుగా నమోదైనవాళ్ళు 1,19,374 మంది. ఒక్క సౌదీలోనే భారతీయులు సుమారు 26 లక్షలు ఉంటే, ప్రపంచమంతా కలిపి నమోదైనది లక్షా పందొమ్మిది వేలు! అందులో వచ్చి ఓటేసింది 2,958 మంది. వాళ్ళలో 2,670 మంది కేరళ వాళ్ళే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదైతే ఓటేసింది 195 మంది. కర్ణాటక, తమిళనాడు లాంటి పెద్ద రాష్ట్రాల్లో ఒక్కరంటే ఒక్కరు రాలేదు. 2019లో పాతిక వేల మందికి పైగా వచ్చి ఓటేశారు. అప్పుడూ దాదాపు అంతా మలయాళీలే. అయిదేళ్ళలో పాతిక వేల నుంచి మూడు వేలకు పడిపోయింది. ప్రవాసులకు ఓటంటే ఆసక్తి లేదని కొందరు ఈ అంకెలు చూపించి అంటారు. గుర్రాన్ని కట్టేసి, పరుగెత్తడం లేదని నిందించినట్టుంది!

ఇంకో విచిత్రం చూడండి. రియాధ్‌లోని మన ఎంబసీలో పని చేసే భారత ప్రభుత్వ ఉద్యోగి అక్కడి నుంచే ఓటు వేయొచ్చు. విదేశాల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, సైనికులు చట్టం దృష్టిలో సర్వీసు ఓటర్లు. 2016 నుంచి వాళ్ళకు బ్యాలెట్ పత్రం ఆన్‌లైన్‌లో వస్తుంది. దాన్ని ప్రింటు తీసుకుని, ఓటు వేసి, పోస్టులో పంపుతారు. 2019లో 18 లక్షల మంది సర్వీసు ఓటర్లు నమోదైతే, పది లక్షలకు పైగా ఓట్లు ఇలా తిరిగి వచ్చాయి. అంటే విధానం ఉంది, నడుస్తోంది, లక్షల సంఖ్యలో పరీక్షకు నిలిచింది. కౌంటర్ లోపల కూర్చున్నవాడికి అది వర్తిస్తుంది, కౌంటర్ బయట పాస్‌పోర్టు రెన్యువల్ కోసం వరుసలో నిలబడ్డవాడికి వర్తించదు. ఇద్దరూ భారతీయులే. ఇద్దరూ దేశం విడిచి బతుకుతున్నవాళ్ళే.

పక్క గదిలో ఫిలిప్పినో

మన క్యాంపుల్లో పక్క గదిలో ఉండే ఫిలిప్పినోను అడిగి చూడండి, ఓటు ఎలా వేస్తావని. ఫిలిప్పీన్స్ 2003లోనే విదేశాల్లోని తన పౌరుల ఓటు కోసం చట్టం చేసింది. 2004 ఎన్నికల నుంచి అమలు చేసింది. విదేశాల్లో వాళ్ళకు పోలింగ్ ఒక్క రోజు కాదు, దాదాపు 30 రోజులు ఉంటుంది. 2016లో ఏప్రిల్ 9 నుంచి మే 9 దాకా, 2022లో ఏప్రిల్ 10 నుంచి మే 9 దాకా. 2025 ఎన్నికలకు ఇంటర్నెట్ ద్వారా కూడా ఓటు వేసే వీలు కల్పించారు. నెల రోజుల్లో నాలుగు శుక్రవారాలు వస్తాయి. ఒక శుక్రవారం డ్యూటీ పడినా ఇంకో శుక్రవారం ఎంబసీకి పోయి ఓటేసి రావచ్చు. యజమానిని సెలవు బతిమాలే పనే లేదు. అక్కడ సెలవు సమస్యను చట్టం ఇంకో దారిలో పరిష్కరించింది. కార్మికుడికి ఖాళీ దొరికే దాకా ఓటు పెట్టె ఎదురు చూస్తుంది.

ఈజిప్టు వాళ్ళు 2011 నుంచి విదేశాల్లో ఓటు వేస్తున్నారు. ఇక్కడి ఎంబసీ ముందు వాళ్ళు బారులు తీరడం మనం చూసిందే. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ సైతం 2025 నవంబర్‌లో ప్రవాసులకు పోస్టల్ ఓటు కోసం మొబైల్ యాప్‌లో నమోదు మొదలుపెట్టింది. ఎంబసీలో ఓటు పెట్టెలు పెడితే సౌదీ ప్రభుత్వం ఒప్పుకుంటుందా అని ఢిల్లీలో ఎవరైనా సందేహపడితే, ఇదే రియాధ్‌లో ఇతర దేశాల వాళ్ళు ఇన్నేళ్ళుగా ఎలా వేస్తున్నారో వాకబు చేస్తే సరిపోతుంది.

మన దగ్గర ప్రయత్నాలు జరగలేదని కాదు. లండన్ ప్రవాసి నాగేందర్ చిందం 2013లో, అబుదాబిలోని డాక్టర్ షంషీర్ వయలిల్ 2014లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కోర్టు అడిగితే ఎన్నికల సంఘం పరిశీలించి, ఈ-పోస్టల్ బ్యాలెట్ ఇవ్వొచ్చని, లేదంటే ప్రతినిధి ద్వారా ఓటు వేయించవచ్చని చెప్పింది. 2015 జనవరిలో కేంద్రం సరేనంది. 2018 ఆగస్టులో ప్రతినిధి ఓటు బిల్లును లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభకు వెళ్ళకముందే 2019లో సభ కాలం తీరి బిల్లు మురిగిపోయింది. 2020 నవంబర్‌లో ప్రవాసులకు ఈ-పోస్టల్ బ్యాలెట్ ఇవ్వడానికి తాము సిద్ధమని ఎన్నికల సంఘం న్యాయశాఖకు లేఖ రాసింది. తొలి విడతకు అనుకున్న దేశాల్లో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటివే ఉన్నాయని, గల్ఫ్ లేదని అప్పట్లో వార్తలొచ్చాయి. మంది ఎక్కువ ఉన్న చోటే వడ్డన చివరికి అన్నమాట! తర్వాత 2024 ఎన్నికలు వచ్చాయి, పోయాయి. పాస్‌పోర్టు పట్టుకుని బూత్‌కు రమ్మనే నిబంధన ఎక్కడిదక్కడే ఉంది.

భయాలూ ఉన్నాయి

దీన్ని వ్యతిరేకించేవాళ్ళ మాట కూడా వినాలి. ఒక క్యాంపులో రెండు వేల మంది ఉంటే, పోస్టల్ బ్యాలెట్లు అక్కడికే వస్తే రహస్యం దక్కుతుందా? క్యాంపు బాసో, వీసా ఏజెంటో, సంఘం నాయకుడో బ్యాలెట్లన్నీ పోగేసి తనకు నచ్చిన గుర్తు మీద వేయించడా? ఈ భయం ఉత్తదేమీ కాదు. పాస్‌పోర్టునే కఫీల్ దగ్గర పెట్టుకునే చోట బ్యాలెట్ పత్రం భద్రంగా ఉంటుందని ఎలా నమ్మాలి? ప్రతినిధి ఓటు మీద కూడా ఇదే అభ్యంతరం. తన ఓటు ఎవరికి పడిందో ఓటరుకే తెలియని పద్ధతి అది. అందుకే కార్మికుల మటుకు పోస్టు కంటే, ప్రతినిధి కంటే, మన అధికారుల ముందు తెర వెనక స్వయంగా వేసే ఓటే మేలు. రియాధ్ ఎంబసీలో, జిద్దా కాన్సులేట్‌లో ఆ పని చేయొచ్చు.

సౌదీ చాలా పెద్ద దేశం, రియాధ్ నుంచి జిద్దాకే సుమారు 950 కిలోమీటర్లు, తబూక్ వాడూ, అబహా వాడూ ఎలా వస్తాడని అడగొచ్చు. మన ఎంబసీ, కాన్సులేట్ అధికారులు పాస్‌పోర్టు సేవల కోసం దూరపు పట్టణాలకు క్యాంపులు వేస్తూనే ఉన్నారు. ఆ జాబితా చేతిలో ఉంది, హాళ్ళు తెలుసు, వాలంటీర్లుగా పని చేసే మన సంఘాల వాళ్ళు ఉన్నారు. పాస్‌పోర్టు దరఖాస్తు తీసుకోగలిగిన చోట ఓటు తీసుకోలేమా? గిర్ అడవిలో బాణేజ్ అనే చోట ఒక్క ఓటరు కోసం ఒక బూత్ పెట్టి, సిబ్బందిని పంపిన దేశం మనది. 2024లో 85 ఏళ్ళు దాటిన వృద్ధుల ఇంటికే వెళ్ళి ఓటు తీసుకున్న దేశం మనది. ఒక్కరి కోసం అడవికి పోగలిగినవాళ్ళు లక్షల మంది కోసం ఎడారికి రాలేరా?

ఊళ్ళో లేనివాడికి ఊరి ఎన్నికతో పనేమిటన్నది ఇంకో వాదన. ఇది వినడానికి బాగుంటుంది. కానీ ప్రవాసికి ఓటు ఉండాలా వద్దా అన్న చర్చ 2010లో పార్లమెంటే ముగించేసింది. పైగా గల్ఫ్ కార్మికుడు ఊరు వదిలి స్థిరపడిపోయినవాడు కాదు. సౌదీ అతడికి పౌరసత్వం ఇవ్వదు. పని అయిపోయాక ఖురూజ్ కొట్టించుకుని తిరిగి ఆ ఊరికే పోవాలి. అతడి పిల్లలు అక్కడి బడిలోనే చదువుతున్నారు, తల్లిదండ్రులు అక్కడి ఆసుపత్రికే పోతున్నారు, అప్పు అక్కడిదే. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి ప్రవాసులు పంపిన డబ్బులో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. డబ్బు పంపేటప్పుడు ఊరివాడే, ఓటు దగ్గర పరాయివాడా?

ఓటు లేకపోతే జరిగేది ఏమిటో మనకు అనుభవమే. శవపేటిక ఇంటికి చేరడానికి నెలలు పట్టినా, జీతాలు ఎగ్గొట్టిన కంపెనీ మూతపడి క్యాంపులో వందల మంది ఆకలితో ఉన్నా, అది ఏ నాయకుడికీ ఎన్నికల సమస్య కాదు. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రత్యేక శాఖ పెట్టుకుంది. ఊరికే పెట్టలేదు. ప్రవాసి ఇంటి ఓటును అక్కడ ఏ పార్టీ కాదనుకోలేదు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2024 సెప్టెంబర్‌లో. వలసలు మొదలై ఎన్ని దశాబ్దాలకు! పంచాయతీ ఎన్నికలప్పుడు సర్పంచ్ అభ్యర్థులు ఎడారికి ఫోన్ చేసి, "అన్నా, ఇంట్ల వాళ్ళకు జర చెప్పు" అని అడుగుతారు. అంటే మన మాటకు విలువ ఉందని వాళ్ళకు తెలుసు. ఆ మాటను ఓటుగా మార్చే దారి మాత్రం ఎవరూ వేయరు.

ఏం అడగాలి? ఏం చేయాలి?

ముందు అడగాల్సింది కేంద్రాన్ని, ఎన్నికల సంఘాన్ని. మన దేశంలో పోలింగ్‌కు ముందు వచ్చే రెండు మూడు వారాంతాల్లో రియాధ్, జిద్దాల్లోనూ, కాన్సులర్ క్యాంపులు జరిగే పట్టణాల్లోనూ ఓటు వేసే ఏర్పాటు చేయాలి. ఒక్క రోజు పెడితే చాలదు. ఆసుపత్రుల్లో నర్సులకు, హోటళ్ళలో, క్లీనింగ్ కంపెనీల్లో షిఫ్టుల వాళ్ళకు శుక్రవారం సెలవు ఉండదు. హౌస్ డ్రైవర్‌కైతే శుక్రవారమే అన్నిటికంటే ఎక్కువ పని. అందుకే వారం రోజుల్లో ఏదో ఒక పూట వీలయ్యేలా ఉండాలి. అసలు పోలింగ్ సెలవు గురించి యజమానితో మాట్లాడాల్సి వచ్చేది అప్పుడే. అప్పుడు అడగబోయేది నెల రోజుల చుట్టీ కాదు, రెండు మూడు గంటల పర్మిషన్. అమెరికాలో న్యూయార్క్, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఓటు కోసం ఉద్యోగులకు జీతంతో రెండు గంటల దాకా ఇస్తున్నాయి. ఆ పాటి పర్మిషన్ ఇవ్వమని ఎంబసీ ఒక లేఖ రాస్తే చాలా సౌదీ కంపెనీలు కాదనవు. ఇక్కడ కాంట్రాక్టులు చేస్తున్న భారతీయ కంపెనీలైతే లేఖ దాకా ఆగక్కర్లేదు. స్వదేశంలో 135-బి పాటించేవాళ్ళు ఇక్కడ దాని స్ఫూర్తిని పాటించడానికి ఎవరి అనుమతి కావాలి?

రెండు రాష్ట్రాల శాసనసభలు ఈ విషయంలో తీర్మానం చేసి ఢిల్లీకి పంపాలి. మేనిఫెస్టోలో గల్ఫ్ బోర్డు అని ఒక వాక్యం రాసి సరిపెట్టుకునే పార్టీలను, గల్ఫ్ బూత్ సంగతేమిటని నిలదీయాలి.

ఇక మన వంతు. 26 లక్షల మంది ఉన్న చోట నమోదైనది వేలల్లో ఉంటే ఢిల్లీ ఎందుకు పట్టించుకుంటుంది? ఫారం 6-ఎ కు రుసుము లేదు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఫోన్‌తోనే నింపొచ్చు. పాస్‌పోర్టు, చెల్లుబాటు అయ్యే వీసా పేజీల కాపీలు, ఫొటో చాలు. మన సంఘాలు బతుకమ్మలు, ఉగాదులు, వనభోజనాలు ఘనంగా చేస్తున్నాయి. ఆ హాల్లోనే ఒక మూల టేబుల్ వేసి, చదువు రాని కార్మికుల ఫారాలు నింపిపెడితే ఒక్క పండుగకు వందల మంది ఓటర్లవుతారు. పాత ఓటు ఊళ్ళో ఉందిలే అనుకునేవాళ్ళు అది ఇంకా ఉందో లేదో చూసుకోవాలి. ఇంటికి వచ్చినప్పుడు మనిషి కనపడలేదని పేరు కొట్టేసిన ఉదంతాలు తక్కువేమీ కాదు.

తెలంగాణ శాసనసభకు 2028 చివర్లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు, లోక్‌సభకు 2029లో ఎన్నికలు రావాలి. బూత్ అప్పటికి ఇక్కడికి రాకపోతే ఎలాగూ మనమే పోవాలి. చుట్టీ ఎప్పుడు అన్న జాబితాలో పేరు రాయించుకునే ముందు ఆ నెలలు గుర్తు పెట్టుకోండి. పెళ్ళికి, గృహప్రవేశానికి చుట్టీని జరుపుకున్నట్టే ఓటుకూ జరుపుకునేవాళ్ళు కంపెనీకి పదిమంది తేలినా, ఆ పదిమంది లెక్క ఎన్నికల సంఘం పుస్తకంలో పడుతుంది. 7,927 మందిలో 195 అన్న అంకె పక్కన ఈసారి ఏ అంకె పడుతుందన్నది కొంత ఢిల్లీ చేతిలో ఉంది, కొంత మన చేతిలో ఉంది. మన చేతిలో ఉన్నదైనా మనం చేస్తే, మిగతాది గట్టిగా అడిగే నోరు మనకు వస్తుంది.